నది లేని ఊళ్లో తొలి చరిత్ర

ప్రపంచ చరిత్రను ఎటు నుంచి మొదలుపెట్టినా పాఠం ఒక మాట దగ్గరికి వచ్చి తీరుతుంది: నాగరికతలు నదుల ఒడ్డున పుట్టాయి. నైలు, టైగ్రిస్, యూఫ్రటీస్, సింధు, హొయాంగ్‌హో. పటంలో నీలం గీతలు, ఆ గీతల పక్కన చుక్కలు, చుక్కలకు పేర్లు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే నల్లగొండ జిల్లా కట్టంగూర్‌లో బెంచీ మీద కూర్చున్న పిల్ల దాకా చేరేసరికి ఈ మాటకు ఇంకో అర్థం తోడవుతుంది. ఇక్కడివి చెల్క నేలలు. గుట్టలు, గుండ్లు, వాన పడితే పారే వాగులు, పడకపోతే బోర్ల మీద ఆశ. మూసీ అవతలెక్కడో పోతుంది, కృష్ణ ఇంకా దూరం. నది ఒడ్డునే మనుషులు ఎదిగారని చెబితే, నది లేని చోటి పిల్ల తన ఊరిని ఆ పటంలో వెతుక్కుంటుంది. దొరకదు. "అట్లయితే గప్పుడు మన దిక్కు ఎవ్వరు లేకుండెనా సార్?" అని అడుగుతుంది.

ఈ ప్రశ్నను ఆపేయడం చాలా సులువు. సిలబస్‌లో లేదు అనొచ్చు. లేదంటే, మనవాళ్లు అందరికన్నా ముందే ఉన్నారు అని గొప్పగా చెప్పి కూర్చోబెట్టొచ్చు. రెండు జవాబులూ పిల్లను ఆ ప్రశ్నలోంచి బయటికి పంపేస్తాయి. పిల్లను ఆ ప్రశ్నలోనే కొన్నాళ్లు ఉండనివ్వడం హైస్కూలు చరిత్ర టీచరు చేయగల మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. అది ఎందుకో, ఎంత కష్టమో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు పుస్తకాల సంగతి. ఆహారం ఏరుకుని, వేటాడి బతికిన తొలి మనుషులు ఆరో తరగతిలో వస్తారు. ఆ తర్వాత చరిత్ర ఎక్కువగా మన దేశం చుట్టూ తిరుగుతుంది. మన రాష్ట్రంలో పిల్లలు కొన్నేళ్లుగా చదువుతున్న తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో చరిత్ర భాగం 1300 నుంచి 1800 వరకు యూరప్‌లో వచ్చిన మార్పులతో మొదలవుతుంది. పదిలో ప్రపంచ యుద్ధాలు వస్తాయి. అంటే, ఇటలీ పండితులు గ్రీకు, రోమన్ గ్రంథాలను మళ్లీ తెరిచి చదివారని తొమ్మిదిలో చదివే పిల్లకు ఆ గ్రీకులెవరో, రోమన్లెవరో సరిగా పరిచయమే అయి ఉండదు. మధ్యలో కొన్ని వేల ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీని నింపాల్సింది సోషల్ సారే, అదీ తన పీరియడ్‌లోంచి కాస్త సమయం మిగుల్చుకుని.

మరి మన దిక్కు ఎవరున్నారు? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరుంది, ఆదిలాబాద్ ఉట్నూరు వేరు. అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వారు. పశువులను కట్టిన పెద్ద దొడ్డి, చుట్టూ మొద్దులు పాతి కట్టిన దడి, ఏళ్ల తరబడి పేరుకున్న పేడ, దాన్ని మళ్లీ మళ్లీ కాల్చిన పొరలు. ఆ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు అలాగే మిగిలి ఉన్నాయి. దక్షిణ భారత నవీన శిలాయుగానికి కార్బన్ పరీక్షతో తేదీలు దొరికిన తొలి చోట్లలో ఇది ఒకటి. కాలం ఇప్పటికి సుమారు 4,500 ఏళ్ల కిందట, అంతకు ఇంకాస్త ముందు నుంచి కూడా. గీజాలో ఖుఫు పిరమిడ్ లేస్తున్నదీ దాదాపు ఆ రోజుల్లోనే. మొహెంజొదారోలో ఇటుకల ఇళ్లు ఉన్నదీ ఆ రోజుల్లోనే.

గిట్ట ముద్ర గురించి చెప్పినప్పుడు తరగతి గదిలో గాలి మారుతుంది. పిరమిడ్ బొమ్మను పిల్లలు మర్యాదగా చూస్తారు. గిట్ట ముద్ర దగ్గర మాత్రం వాళ్లు సాక్షులవుతారు. తడి నేల మీద బర్రె గిట్ట ఎంత లోతు దిగుతుందో, ఆవు గిట్ట ఎట్లా పడుతుందో, మంద బెదిరితే ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎట్లా పడతాయో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. పేడను ఎందుకు కాల్చి ఉంటారు అని అడిగితే, "పిడుదులు సావాలని కాల్చిన్రేమో సార్" అంటాడు ఒకడు. "నిప్పంటుకుందేమో" అంటుంది ఇంకో పిల్ల. ఇప్పటికీ పశువుల పండుగల్లో మంటలు వేసి మందను దాటించే ఆచారాలు ఉన్నాయి కదా, అలాంటిదేమో అని ఆల్చిన్ కూడా ఆలోచించారు. ఈ మూడింటిలో ఏది నిజమన్నది పండితుల మధ్య తేలిపోయిన విషయం కాదు. అందుకే అది పిల్లలకు చెప్పదగిన విషయం. తమ ఊరి దొడ్డి జ్ఞానం ఒక పెద్ద శాస్త్రీయ చర్చలో ఎక్కడో పనికొస్తుందని తెలిసిన పిల్ల ఆ రోజు నుంచి చరిత్రను ఇంకోలా వింటుంది.

ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంటుంది, దానికి లొంగకూడదు. మనమూ పిరమిడ్ అంత పాతవాళ్లమే అనే ప్రలోభం. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినప్పుడు అందరిలాగే నేనూ సంతోషించాను. ఎత్తయిన ఆ రాళ్లను ఎవరు నిలబెట్టారో, ఆకాశంలో దేన్ని చూసి నిలబెట్టారో అని పిల్లలతో గంటల తరబడి మాట్లాడుకోవచ్చు. కానీ ఒక రాయి విలువ జాబితాలో చేరిన రోజునే పుట్టిందనుకుంటే, జాబితాలో లేని ఊళ్లకు మళ్లీ ఆ పాత అవమానమే మిగులుతుంది. ఉట్నూరులో రాజు ఉన్నట్టు ఆనవాలు లేదు. శాసనం లేదు, సమాధి మందిరం లేదు. పశువులను కాచుకుని, కుండలు చేసుకుని, రాతి గొడ్డళ్లు నూరుకుని బతికిన మనుషులు. వాళ్ల బతుకు మీద పాఠం చెప్పాలంటే, మనిషి గొప్పతనానికి కట్టడమే కొలత అవునా అని ముందు అడగాలి. పిరమిడ్ కింద నలిగిన శ్రమ ఎంత, ఆ దొడ్డిలో నలిగిన శ్రమ ఎంత? ఎవరి పిల్లలు కడుపు నిండా తిన్నారు? దీనికి జవాబు నాకూ పూర్తిగా తెలియదు. పద్నాలుగేళ్ల పిల్ల ఈ ప్రశ్నను సొంతంగా అడగగలిగితే చాలు, ఆ ఏడాది పాఠం నిలబడినట్టే. పాలమూరు వైపు పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించినప్పుడు రాజులను పక్కకు జరిపి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికారు. ఆ చూపు ఈ ఎత్తు నేలల నుంచే వచ్చింది. దాన్ని నైలు నది దాకా తీసుకెళ్లడానికి అడ్డేముంది?

తీసుకెళ్లి చూద్దాం. ఈజిప్టులో దేర్ ఎల్ మెదీనా అనే కార్మికుల ఊరు. రాజుల సమాధులను తొలిచేది, గోడలకు బొమ్మలు వేసేది ఈ ఊరివాళ్లే. కూలి ధాన్యం రూపంలో వచ్చేది. మూడో రామ్సెస్ ఏలుబడిలో 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, కూలి గింజలు రాక రోజులు గడిచిపోయాయి. వాళ్లు పని వదిలేసి, కాపలా దాటి, గుడి వెనక్కి వెళ్లి కూర్చున్నారు. ఆకలేస్తోంది, దాహమేస్తోంది, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూరాకు లేదు అని అధికారులకు చెప్పారు. ఇదంతా ఒక లేఖకుడు పాపిరస్ మీద రాసిపెట్టాడు. అది ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. చరిత్రలో రాతపూర్వకంగా మనకు తెలిసిన తొలి సమ్మె ఇదే అంటారు.

వెట్టి కథలు ఇంకా ఇళ్లల్లో మిగిలి ఉన్న నల్లగొండలో ఈ పాఠం ఎట్లా వినపడుతుందో చెప్పనక్కర్లేదు. వెట్టికి ఎదురు తిరిగిన సంఘం రోజులను చూసిన ముసలివాళ్లు తగ్గిపోయారు గానీ, దొర గడీ ముందు పని చెయ్యనని నిలబడ్డ తాత కథ ఏదో ఒక ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. పిల్లలు వెంటనే అంటారు: "మనోళ్ల లెక్కనే ఉన్నరు సార్." ఆ మాట వినగానే ఏ టీచరుకైనా గుండె నిండుతుంది. నిండిన తర్వాత ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే వాళ్లు మనోళ్ల లెక్కనే లేరు కూడా. ఆ ఈజిప్టు పనివాళ్లు నేర్పు గల కళాకారులు, తమ చుట్టూ ఉన్న చాలామంది రైతుల కన్నా మెరుగ్గా బతికినవాళ్లు. వాళ్లకు ఇవ్వాల్సిన కూలికి లెక్క ఉంది, వెట్టివాడికి కూలి అన్నదే లేదు. వాళ్లు రాజును దేవుడనే నమ్మారు, సమ్మె చేసిన రోజు కూడా. దేవుడని నమ్మిన రాజు దగ్గర నాకు గింజలు బాకీ ఉన్నాయని కూర్చున్న ఆ మనసు ఎట్లాంటిది? మన ఊహకు అది వెంటనే అందదు. అందని చోటే పాఠం మొదలవుతుంది. దూరపు మనిషిని కేవలం మనలాంటివాడిగా చూస్తే, మనకు తెలిసిన బొమ్మనే అతనిలో చూసుకుంటాం. కేవలం పరాయివాడిగా చూస్తే అతని ఆకలి మనకు తగలదు. ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకుని ఉండడం పెద్దవాళ్లకే కష్టం. దాన్ని అలవాటు చేయడానికి మూడు వేల ఏళ్ల దూరం మంచి దూరం. పక్క వాడ మనిషి దగ్గర మొదలుపెడితే కులం, కక్ష, మొన్నటి ఎన్నిక అడ్డం వస్తాయి. దేర్ ఎల్ మెదీనా మనిషి మీద ఎవరికీ పగ లేదు. అక్కడ నేర్చుకున్న చూపుతో పక్క వాడ వైపు తిరగొచ్చు.

ఇక రోమ్. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకే చోట దొరికాయి. వాటి మీద ఉన్నవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల ముఖాలు. ఎవరు దాచారు? వర్తకుడా, ఊరి పెద్దా? దాచినవాడు మళ్లీ ఎందుకు రాలేదు? అటు రోమ్‌లో పెద్ద ప్లినీ తన గ్రంథంలో, ఏటా ఐదు కోట్ల సెస్టెర్స్‌ల సొమ్ము ఇండియాకు పోతోందని బాధపడ్డాడు. ఆ సొమ్ములో ఏదో ఒక పిసరు మన చెల్క నేలలో పడి నిద్రపోయిందన్నమాట. ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. అదే పేలుడులో పాంపేతో పాటు హెర్క్యులేనియం పట్నమూ పూడిపోయింది. పడవల కొట్టాల్లో తలదాచుకున్న వందల మంది ఎముకలు ఈనాటికీ ఉన్నాయి. ఇటలీ పరిశోధకులు వాటిని పరిశీలించి 2011లో చెప్పిందేమిటంటే, ఆ మనుషుల ఎముకల్లో, పళ్లల్లో ఫ్లోరోసిస్ గుర్తులు ఉన్నాయి. అగ్నిపర్వతం నేల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ.

ఈ సంగతి నల్లగొండలో చెప్పడం, ఇంకో చోట చెప్పడం ఒకటి కాదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి. వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన మోకాళ్లు, పళ్ల మీద గోధుమ రంగు చారలు, వీటి గురించి ఇక్కడి పిల్లలకు పుస్తకం చెప్పక్కర్లేదు, నానమ్మను చూస్తే చాలు. రోమన్ అంటే పాలరాతి విగ్రహం, టోపీ పెట్టుకున్న సైనికుడు అనుకున్న పిల్లకు హెర్క్యులేనియంలో ఒక ముసలామె మోకాలు వంచలేక పడవ కొట్టం దాకా ఎట్లా నడిచి ఉంటుందో ఆలోచన వస్తుంది. రాయి వేరు, కారణం వేరు, ఇక్కడ గ్రానైటు, అక్కడ లావా. నొప్పి మాత్రం రెండు చోట్లా ఎముకలోదే. ప్రపంచ చరిత్రలో "ప్రపంచం" అన్నది ఇంతకన్నా దగ్గరికి రాదు.

కానీ పాఠం ఇక్కడితో ఆపితే జాలి మిగులుతుంది, ఆలోచన మిగలదు. ఆ నడుములు వంగడం తగ్గింది ఎట్లా? బోరు నీళ్ల స్థానంలో కృష్ణా నీళ్లు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన నీళ్లు పానగల్ ఉదయసముద్రానికి చేరి, అక్కడ శుద్ధి అయి ఊళ్లకు వచ్చాయి. ఆ జలాశయం అడుగున ఏముంది? ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఆనకట్ట కడతారని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయను తవ్వారు. రాతియుగం నుంచి మధ్యయుగాల దాకా మనుషులు బతికిన పొరలు బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి తరలించారు. మిగతావి నీళ్ల కిందికి పోయాయి. బతికున్న ఊళ్లూ పోయాయి.

జవహర్‌లాల్ నెహ్రూ 1928 వేసవిలో ముస్సోరీలో ఉన్న పదేళ్ల కూతురికి ఉత్తరాలు రాశాడు. భూమి ఎట్లా పుట్టింది, తొలి మనుషులు ఎట్లా బతికారు, తొలి నగరాలు ఎట్లా వచ్చాయి అన్నదే ఆ ఉత్తరాల విషయం. మరుసటి ఏడాది అవి పుస్తకంగా వచ్చాయి. తొలి ప్రపంచ చరిత్రను ఒక పిల్లకు చెప్పాలంటే ఏ గొంతుతో చెప్పాలో నేను అందులోనే నేర్చుకున్నాను. ఆ నెహ్రూయే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. ఆ కూతురే ప్రధానిగా 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలింది. తొలి మనుషుల జాడలను అంత ప్రేమగా పిల్లకు చూపించిన తండ్రి, ఆ జాడలున్న లోయను ముంచే ఆనకట్టకు రాయి వేశాడు. ఇది ద్రోహమా? ఆ నీళ్లు తాగి నిటారుగా నిలబడ్డ పిల్లల ముందు నిలబడి ఆ మాట నేను అనలేను. పొరలు పోయినందుకు బాధ లేదని కూడా అనలేను. ఈ రెండు నిజాలూ పిల్లలకు చెప్పాలి, ఏదో ఒకటి ఎంచుకొమ్మని వెంటపడకుండా చెప్పాలి. పదిహేనేళ్ల మనసుకు అంత బరువు ఎందుకు అంటారు కొందరు. ఆ వయసుకే వాళ్లు ఇంటి అప్పులు, పొలం గొడవలు, పెళ్లి ఒత్తిళ్లు మోస్తున్నారు. ఆలోచన బరువు వాళ్లకు అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఆ లోయలో దొరికిన ఒక శాసనం నాకు చాలా ఇష్టం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించింది. తాను చైత్యం కట్టించి ఏ భిక్షువులకు అంకితం చేసిందో చెబుతూ, ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల పేర్లు వరుసగా చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూర, తంబపన్ని. తంబపన్ని అంటే సింహళం. కృష్ణ ఒడ్డున నిలబడిన ఒక గృహిణి మనసులో అంత ప్రపంచం ఉంది. ఆమె అందులో ఎంత దూరం నడిచిందో తెలియదు, బహుశా ఊరు దాటలేదేమో. చీనా అన్న పేరు ఎవరి నోట విన్నది? విన్నప్పుడు ఏం ఊహించుకుంది? తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రపంచాన్ని ఇటలీ నుంచి మొదలుపెట్టి చూపించే బదులు, ఈ పేర్ల వరుసను బోర్డు మీద రాసి ఒక్కొక్కటీ పటంలో వెతకమంటే ఎట్లా ఉంటుంది? నేను చేసి చూశాను. గాంధారం దొరికిన పిల్లలు అక్కడి బుద్ధ విగ్రహాల మడతల వస్త్రాల నుంచి గ్రీకుల దాకా వెళ్లారు. అంటే ఇటలీకి కూడా చేరుకున్నారు, కాకపోతే మన గుమ్మం నుంచి.

"ఇది చదివితే ఏం కొలువొస్తది సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన మాట. గ్రూప్స్ రాసే అన్నలు చరిత్రను బిట్లుగా చదువుతారు: ఏ శాసనం, ఏ రాజు, ఏ సంవత్సరం. ఆ బిట్లను నేను చిన్నచూపు చూడను. వాటి మీద ఒక ఇల్లు నిలబడుతుంది. కానీ బిట్‌కు ఒకే సరైన జవాబుంటుంది, తొలి చరిత్రలో చాలా చోట్ల అది ఉండదు. "కావొచ్చు", "అనుకుంటున్నారు", "ఇంకా తేలలేదు" అనే మాటలకు పరీక్షలో మార్కులు రావు. అయినా ఒక మనిషి నిజాయితీగా ఆలోచిస్తున్నాడనడానికి మొదటి గుర్తులు అవే. ఫోనుకు వచ్చిన ప్రతి సందేశాన్నీ చరిత్ర అని నమ్మే కాలంలో, "ఎట్లా తెలుసు?" అని అడిగే అలవాటు హైస్కూల్లో పడకపోతే ఇంకెక్కడ పడుతుంది? ఉట్నూరు మనుషులు తెలుగు మాట్లాడారా అని పిల్లలు అడుగుతారు. తెలియదు అని చెబుతాను. ఎందుకు తెలియదో చెబుతాను: మాట ఎముకలా మిగలదు, రాత వచ్చేదాకా గాలిలోనే పోతుంది. ఆ "తెలియదు"ను అవమానంగా కాకుండా ఒక హద్దుగా చూడడం వాళ్లు నేర్చుకుంటే, రేపు ఎవరో వచ్చి నాకు అంతా తెలుసు అన్నప్పుడు కాస్త ఆగి వింటారు.

హైదరాబాద్ విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర మ్యూజియంలో పిల్లలు ఎక్కువసేపు ఆగేది మమ్మీ దగ్గర. నిజాం కాలంలో ఈజిప్టు నుంచి వచ్చిన దేహం. ఒక యువరాణిది అంటారు. మొదట తోసుకుంటారు, భయపడతారు, నవ్వుతారు. తర్వాత రోజు తరగతిలో ఒక్కటే అడుగుతాను: ఆమెను అట్లా చూడొచ్చా? చనిపోయినవాళ్లను ఎట్లా చూసుకోవాలన్న ఈ ప్రశ్న మన ఊళ్లకూ వర్తిస్తుంది. రాక్షస గుళ్లు అని మనవాళ్లు పిలిచే పాత సమాధుల రాళ్లను క్రషర్లకు పంపేస్తున్నాం. అవీ ఎవరో తమవాళ్ల కోసం కట్టుకున్నవే. మమ్మీ విషయానికి వస్తే తరగతి రెండుగా చీలుతుంది. చూడకపోతే ఆమె ఉన్నదని మాకెట్లా తెలుస్తది అంటారు కొందరు. మా అవ్వను అట్ల పెడితే మేమూకుంటమా అంటారు ఇంకొందరు. నా మటుకు ఆమె అక్కడ ఉండడమే మంచిది అనుకుంటాను, దూరదేశపు మనిషి ఒకరు బతికి చనిపోయారన్న సంగతి మన పిల్లలకు అంత నేరుగా చెప్పగలిగింది ఇంకొకటి లేదు గనుక. అయితే పెట్టెలో పడుకోబెట్టే ముందు ఆ దేశంవాళ్లను ఎవరైనా అడిగారా అని వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగింది. ఆ రోజు మా చర్చ అక్కడి నుంచి ఇంకో పీరియడ్ నడిచింది, లెక్కల సార్ తన గంట మాకు ఇచ్చారు.